జారే బండిలో పక్క సీటు

2023లో, వానలు ఇంకా మొదలుకాని రోజుల్లో, శారద మళ్లీ మా డ్రైవింగ్ స్కూలుకు వచ్చింది. నాయుడుపేటలో బస్టాండుకు కొంచెం ఇవతల, కళ్లద్దాల షాపు పక్కన మా స్కూలు. ఒక గది, ఒక బల్ల, గోడకు ట్రాఫిక్ గుర్తుల చార్టు, బయట రెండు చిన్న కార్లు. అప్పటికి పదిహేనేళ్లకు పైగా నేను ఆడవాళ్లకు కారు నేర్పుతున్నాను. లైసెన్సు చేతికొచ్చాక తిరిగొచ్చేవాళ్లు తక్కువ. వస్తే చెల్లెలినో తోడికోడలినో చేర్పించడానికి వస్తారు. శారద ఒక్కతే వచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది.

"మేడం, నాకు బండి జారేది నేర్పియ్యాల" అంది.

నేను సరిగా వినలేదనుకున్నాను. "జారకుండా నడపడమా?"

"కాదు మేడం. జారినాక ఏం జెయ్యాల్నో, అది."

శారదది చిట్టమూరు మండలంలో ఒక పల్లె. వరి పండించే కుటుంబం. మూడేళ్ల ముందు ఆమె భర్త పెంచలయ్యకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు నెల్లూరు తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. అద్దె కార్లవాళ్లు ఒకరోజు వస్తే ఒకరోజు రారు. అందుకని నలభై ఏళ్ల వయసులో నా దగ్గర కారు నేర్చుకుంది. నా మంచి విద్యార్థుల్లో ఆమె ఒకతె. చెప్పింది ఒకసారి వింటే చాలు, చేతికొచ్చేది.

ముందటి ఏడు వానల్లో జరిగినదంతా అప్పుడు చెప్పింది. డయాలసిస్ అయ్యి తిరిగొస్తుంటే, గూడూరు దాటినాక హైవే మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. చక్రాలు నీళ్లమీద తేలి పట్టు వదిలేశాయి. శారద గట్టిగా బ్రేకు తొక్కింది. బండి గిర్రున తిరిగి, వచ్చిన దిక్కుకే ముఖం పెట్టి, రోడ్డు పక్క గుంత అంచున ఆగింది. నీరసంగా నిద్రపోతున్న పెంచలయ్య తల అద్దానికి తగిలి చిట్లింది. వెనక వస్తున్న లారీ హారను కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది. అంతకుమించి ఏమీ కాలేదు.

"ఆ దినం నుంచి రోడ్డు మీద తడి కనపడితే నా కాలు నా మాట వినదు మేడం. బ్రేకు మీదకి పోతాది. మొన్న ట్యాంకరు నీళ్లు కారిన చోట ఊరికే బ్రేకేసినా. వెనక బస్సు గుద్దబొయ్యింది. ఇంకో నెలలో వానలు. ఆయనకి ఒక్క దినం తప్పితే ఊపిరాడదు."

ఇక్కడ మా పని గురించి ఒక మాట చెప్పాలి. మా స్కూలు కార్లకు డ్యూయల్ కంట్రోల్ ఉంటుంది. అంటే నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చు ఉంటాయి. నేర్చుకునే మనిషి తడబడితే మేము ఆపేస్తాము. బండిని జారేదాకా రానివ్వకపోవడమే మా విద్య. జారాక ఏం చేయాలో మా పాఠాల్లో లేదు. కావాలని బండిని జారనిచ్చిన అనుభవం నాకూ లేదు. అదే ఆమెతో చెప్పాను.

శారద ఫోను తీసి నా ముందు పెట్టింది. నెల్లూరులో కార్లంటే ఇష్టమున్న కొందరు కలిసి నడుపుకుంటున్న స్పోర్ట్స్ కార్ల క్లబ్బు వీడియో అది. డాక్టర్లు, రైసుమిల్లు వాళ్లు, రొయ్యల హేచరీల వాళ్లు ఉంటారు అందులో. ఖాళీ జాగాలో తెల్లటి నీళ్లు చిమ్ముకుంటూ ఒక ఎర్ర కారు పక్కకు జారుతూ పోతోంది.

"వీళ్లు నేర్పిస్తారంట. నాతో రాండి మేడం. అంతమంది మగోళ్ల మధ్యకి ఒక్కదాన్నే పోలేను."

ఆమె ముఖం చూసి సరేనన్నాను. సాయంత్రానికే ఎందుకన్నానా అని దిగులు పట్టుకుంది.

క్లబ్బులో నేర్పించే పెద్దాయన పేరు సెల్వం. చెన్నైలో ఒక కార్ల కంపెనీలో టెస్ట్ డ్రైవరుగా, అంటే కొత్త బండ్లను రోడ్డు మీద నడిపి చూసే ఉద్యోగిగా పనిచేసి, రిటైరై నెల్లూరులో స్థిరపడ్డాడు. నేను ఫోన్ చేస్తే నింపాదిగా విన్నాడు. కొత్తవాళ్లు నడిపేటప్పుడు పక్కన క్లబ్బు సభ్యులెవరైనా కూర్చోవాలట. "మీరు కూర్చోండి సిస్టర్, ఆమెకు మీరంటే నమ్మకం. కానీ ముందు మీరు సభ్యులు కావాలి. ముందు మీరు జారాలి. తరవాత ఆమె." నవ్వుతూ చెప్పినట్టు లేదు.

ఇంట్లో మా ఆయన దేవదానం సంగతంతా విని, "ఇన్నేళ్లు బండి జారకుండా చూసినదానివి, ఇప్పుడు జారను పోతుండావా?" అన్నాడు. వద్దని మాత్రం అనలేదు. ఆదివారం తెల్లవారే చర్చిలో ఉండే మొదటి ఆరాధనకు వెళ్లి, అక్కడ నుంచి నేరుగా బయలుదేరాను. ప్రసంగం ఒక్క మాట కూడా చెవికెక్కలేదు.

కోట ఊరు దాటి సముద్రం వైపు పోతే, సరుగుడు తోటలకూ రొయ్యల గుంటలకూ నడుమ ఒక రియల్ ఎస్టేట్ వెంచరు ఉంది. రోడ్లు వేశారు, హద్దురాళ్లు నాటారు, ఇళ్లు మాత్రం ఒక్కటీ లేవలేదు. క్లబ్బువాళ్లు ఆదివారాల్లో ఆ జాగాను అడిగి వాడుకుంటారు. మధ్యలో చదును చేసిన చోట ట్యాంకరుతో నీళ్లు పోసి తడుపుతారు. దాన్ని స్కిడ్ ప్యాడ్ అంటారు. బండిని కావాలని జారించి, జారిన బండిని దారికి తెచ్చుకోవడం నేర్చుకునే చోటు. చుట్టూ ఢీకొనడానికి ఏమీ ఉండదు, ప్లాస్టిక్ కోన్లు తప్ప.

సెల్వం నన్ను ఎర్ర కారులో కూర్చోబెట్టాడు. రెండే సీట్లు. కూర్చుంటే నేల మీద చాపేసుకుని కూర్చున్నట్టుంది. హెల్మెట్ లోపల నా ఊపిరి నాకే వినపడుతోంది. బండి గుండ్రంగా తిరుగుతూ వేగం పెంచింది. ఉన్నట్టుండి వెనక భాగం మా నుంచి విడిపోయినట్టు పక్కకు పోయింది. సముద్రం, ట్యాంకరు, సరుగుడు చెట్లు వరసగా అద్దంలోంచి దాటిపోయాయి. సెల్వం చేతులు మెల్లగా కదిలాయి. బండి మళ్లీ నేరుగా అయింది.

"సిస్టర్, అక్కడ బ్రేకు లేదు" అన్నాడు. కిందికి చూసుకుంటే నా కుడికాలు నేలను తొక్కి పట్టుకుని ఉంది. మడమ నొప్పిగా ఉంది. ఎప్పటి నుంచి తొక్కుతున్నానో నాకే తెలియదు.

ఆ రోజంతా నాకు పాఠం చెప్పాడు. ముందు చక్రాలు జారితే, స్టీరింగు ఎంత తిప్పినా బండి తిరగదు, నేరుగా పోతుంది. అప్పుడు యాక్సిలరేటరు వదిలి, స్టీరింగును కొంచెం వెనక్కి ఇవ్వాలి. వెనక చక్రాలు జారితే బండి తోక ముందుకొస్తుంది. అప్పుడు పోవలసిన చోటును చూస్తూ స్టీరింగును అటే తిప్పాలి. రెండిట్లోనూ బ్రేకు తొక్కకూడదు. చెప్పుకోవడానికి ఇంతే. ఇది నా చేతులకు అందేసరికి మూడు ఆదివారాలు పట్టింది. ఎన్నిసార్లు బండి గిర్రున తిరిగిందో లెక్కపెట్టలేదు. తిరిగిన ప్రతిసారీ ఒకటే ఆలోచన వచ్చేది. నాకే ఇంత భయంగా ఉంటే, ఆమె పక్కన, బ్రేకు లేని సీట్లో, నేనెట్లా కూర్చుంటాను?

శారద తన సొంత కారు తెచ్చుకుంది. పాత చిన్న కారు, ఏబీఎస్ లేనిది. గట్టిగా బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటును ఏబీఎస్ అంటారు. అది లేకపోవడమే ఆమెకు ముందటేడు చేటు తెచ్చింది. బండి ప్యాడ్ మీదికి పోయే ముందు స్క్రూటినీ చేశారు. టైర్లు, బ్రేకులు చూసి, లోపల వదులుగా ఉన్న వస్తువులన్నీ తీయిస్తారు. డ్యాష్‌బోర్డు మీద చిన్న నరసింహస్వామి విగ్రహం ఉంది. అదీ తీయాలన్నారు. శారద దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని దిక్కులు చూసింది. నేలమీద పెట్టలేదు, ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికివ్వలేదు. "నా సంచిలో పెట్టు" అన్నాను. ఆ పూటంతా స్వామి నా బైబిలు పక్కనే ఉన్నాడు.

మొదటి చుట్టులోనే బండి జారింది, ఆమె బ్రేకు తొక్కింది, బిగుసుకున్న చక్రాలతో నేరుగా పోయి కోన్లను తొక్కుకుంటూ అవతల ఇసకలో ఆగాము. రెండోసారీ అంతే. మూడోసారి బండి పూర్తిగా తిరిగింది. ఆమె స్టీరింగు వదిలేసి రెండు చేతులతో చెవులు మూసుకుంది. లారీ హారను వినపడిందేమో అనిపించింది నాకు.

దిగిపోయి ఒక హద్దురాయి మీద కూర్చుంది. "చాలు మేడం. ఇది నావల్ల గాదు. మీకు శ్రమ ఇచ్చినా."

సెల్వం మంచినీళ్ల సీసాతో వచ్చాడు. ఆమెను సముదాయించలేదు. "అమ్మా, మీ కాలు చాలా వేగం. మీ తల కంటే వేగం. కాలుకు వేరే పని ఇవ్వాలి. మీరు ఏం చేస్తున్నారో నోటితో చెప్పండి. గట్టిగా. నోరు మాట్లాడుతుంటే కాలు దానికోసం ఆగుతుంది."

"ఏం చెప్పాల సార్?"

"కాలు తీసినా. ఆడ చూస్తుండా. తిప్పుతుండా. ఇంతే." నెల్లూరు యాసను అరవ గొంతుతో పలికేసరికి శారదకు కొంచెం నవ్వొచ్చింది.

మళ్లీ ఎక్కాము. బండి జారగానే ఆమె దాదాపు అరిచినట్టుగా చెప్పింది. "కాలు తీసినా. ఆడ చూస్తుండా." మూడో మాట వచ్చేలోపే బండి తిరిగిపోయింది. అయితే ఈసారి చక్రాలు బిగుసుకోలేదు. ఆమె కాలు నిజంగానే బ్రేకు జోలికి పోలేదు. ఆ చిన్న తేడా బయట నిలబడ్డవాళ్లకు కనపడి ఉండదు. పక్క సీట్లో ఉన్న నాకు కనపడింది. సాయంత్రానికి రెండుసార్లు మూడు మాటలూ పూర్తిచేసింది.

తరవాతి ఆదివారం పెంచలయ్య కూడా వచ్చాడు. శారద చెప్పకపోయినా ఊళ్లో ఎవరో చెప్పారట, మీ ఆవిడ రేసు కార్లవాళ్లతో తిరుగుతోందని. క్లబ్బువాళ్లు కట్టిన టార్పాలిన్ నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేస్తే, సన్నగా, నల్లబడిన ముఖంతో, శాలువా కప్పుకుని కూర్చున్నాడు. డయాలసిస్ సూదులు పడే చెయ్యిని ఒళ్లో మరో చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఆయన కళ్లముందే బండి రెండు చుట్లు తిరిగింది. శారద ఆ దినం సెల్వంతో ఉంది కాబట్టి నేను ఆయన పక్కన నిలబడ్డాను.

"మేడం, ఈమెకేమన్నా అయితే నన్నెవురు తీసకపోతారు?" అన్నాడు.

మళ్లీ ఆయనే అన్నాడు, "చూడండి, దానికి ఏమైపోతాదో అని రావాల నా నోట్లోంచి. నన్నెవురు తీసకపోతారనే వచ్చింది. ఈ జబ్బు మనిషిని ఇట్టా జేసింది."

శారద దిగొచ్చాక మానేయమని అడిగాడు. గట్టిగా కాదు, బతిమాలినట్టు.

"నువ్వు చెప్పినావని నేను ఆపతా. వాన ఆగతాదా?" అంది శారద.

ఆ రాత్రి నేను సరిగా నిద్రపోలేదు. ఆయన అడిగిన మాట నాకూ వర్తిస్తుంది. ఇది ఎవరూ నన్ను అడగని పని, లైసెన్సులో లేని పాఠం. ఏమన్నా అయితే ఆ ఇంట్లో పోయేది ఒక ప్రాణం కాదు, రెండు.

నవంబరులో క్లబ్బువాళ్లు చిన్న ఆటోక్రాస్ పెట్టారు. కోన్లతో మలుపుల దారి ఏర్పాటు చేసి, ఒక్కొక్క బండినే వదిలి, ఎంతసేపట్లో వస్తుందో గడియారంతో చూసే పోటీ. కోను పడితే కొంత సమయం కలుపుతారు. పోటీకి ముందు అందరూ ఆ దారిని కాలినడకన చూసి రావాలి. దాన్ని కోర్స్ వాక్ అంటారు. మిగిలినవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ నడిచారు. శారద మాత్రం తలవంచుకుని, పొలం గట్లు చూసుకునే మనిషిలా, ఇసక ఎక్కడుంది, గుంట ఎక్కడుంది అని ఆగి ఆగి చూసింది. తిరిగొచ్చి రెండోసారి నడిచింది.

పోటీలో పక్కన ఎవరూ ఉండకూడదు. నాకు ఎర్రజెండా ఇచ్చి మూడో మలుపు దగ్గర నిలబెట్టారు. ఏదన్నా ప్రమాదమైతే ఆ జెండా ఎత్తి అందరినీ ఆపాలి. శారద వంతు వచ్చేసరికి తుంపర మొదలైంది. బండి బయలుదేరిన చప్పుడు వినగానే జెండా కర్రను రెండు చేతులతో పట్టుకున్నాను. ఆమె మూడో మలుపులోకి వచ్చింది. వెనక భాగం నా వైపుకు ఊగింది. ఒక కోను ఎగిరి నా ముందు పడింది. హెల్మెట్ లోపల ఆమె పెదవులు కదులుతున్నాయి. బండి దారికి వచ్చింది. ఆ కంగారులో తరవాతి మలుపు వదిలేసి వేరే దారిన పోయి గీత దాటింది. తప్పుదారి పట్టింది కాబట్టి ఆమె పరుగు లెక్కకు రాదన్నారు.

నేను ఓదార్చే మాటలు వెతుక్కుంటూ పరుగెత్తాను. ఆమె హెల్మెట్ తీసి, చెంపలకు అంటుకున్న జుట్టు వెనక్కి తోసుకుంటూ, "ఇంగోసారి పోవచ్చా మేడం, అడగండి" అంది. భయపడ్డ మనిషి ఆ మాట ఎందుకంటుందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

డిసెంబరులో తుఫాను వచ్చింది. గాలివానకు రోడ్లు మూసేయడంతో పెంచలయ్యకు ఒక డయాలసిస్ తప్పిపోయింది. మరునాడు ఉదయం గాలి తగ్గింది కానీ వాన తగ్గలేదు. శారద నాయుడుపేట దాకా వచ్చి మా ఇంటి ముందు బండి ఆపింది. పక్క సీట్లో పెంచలయ్య ముఖం ఉబ్బి ఉంది. మాట మాటకూ ఊపిరి తీసుకుంటున్నాడు.

"ఇంగ ఆగితే ఈయన దక్కేట్టు లేదు మేడం. మీరు వెనకాల కూర్చుంటే చాలు. నాకేం చెప్పక్కర్లా."

కూర్చున్నాను. దేవదానం గొడుగు కింద నిలబడి కారు తలుపు వేశాడు.

హైవే మీద కొంతదూరం పోయేసరికి ముందంతా లారీలు నిలిచిపోయాయి. రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయని, ఎవరూ పోలేరని చెప్పారు. కొన్ని బండ్లు పక్కన పల్లెదారిలోకి తిరుగుతున్నాయి. మేమూ తిరిగాము. ఆ దారిలో ఒక చప్టా అడ్డమొచ్చింది. వాగు దాటడానికి కట్టిన పొట్టి వంతెన. దాని మీదుగా ఎర్రటి నీళ్లు పారుతున్నాయి. మా ముందున్న టిప్పరు నీళ్లు చీల్చుకుంటూ అవతలికి పోయింది. దాని వెనకే ఒక జీపు పోయింది.

"పోనీ శారదా" అన్నాడు పెంచలయ్య. "జీపు పొయ్యింది గదా. ఇంతకంటే ఎక్కవ నీళ్లల్లో నేను ట్రాక్టరు తోలినా."

నిజం చెబితే, నాకూ పొమ్మనే ఉంది. ఆయన ఊపిరి చప్పుడు వెనక సీట్లోకి వినపడుతోంది. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. శారద ఇంజను ఆపి, చీర ఎత్తి కట్టుకుని, గొడుగు తీసుకుని దిగింది. చప్టా దాకా నడిచింది. నీళ్ల అంచున నిలబడి, వంగి, అటూ ఇటూ చూసింది. ఆమె అక్కడ నిలబడినంతసేపూ పెంచలయ్య తలుపు పిడి మీంచి చెయ్యి తియ్యలేదు.

తిరిగొచ్చి, తడిచిన కాళ్లతోనే కూర్చుని, బండిని వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది.

"ఏందే?" అన్నాడాయన.

"అంచు యాడుందో కనపడలా. కనపడని దావన పోను."

"వెనక్కి తిరిగి పోతే పొద్దుగూకతాది. నేనుంటానో లేదో."

ఆమె వెనక అద్దంలో చూస్తూ స్టీరింగు తిప్పుతూనే ఉంది. నేను ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది, పో అనో వద్దు అనో. ఇన్నేళ్లు నేర్పినదాన్ని, ఆ క్షణాన నాకు ఏది సరో తెలియలేదు.

నాయుడుపేటకు తిరిగొచ్చి, వెంకటగిరి, రాపూరు మీదుగా చుట్టు తిరిగి పోయాము. ఆ దారి ఎత్తులో ఉంటుంది కానీ చాలా దూరం. రాపూరు దాటినాక ఒక పల్లం మలుపులో, ఎదర చెట్టుకొమ్మ పడి ఒక ట్రాక్టరు సగం రోడ్డు మీద ఆగి ఉంది. మా ముందు రోడ్డంతా పల్చగా నీళ్లు. శారద స్టీరింగు తిప్పింది, బండి తిరగలేదు. ముందు చక్రాలు తేలాయి. ట్రాక్టరు నేరుగా మా మీదికి వస్తున్నట్టుంది. నా కుడికాలు వెనక సీటు కింద నేలను తొక్కింది.

ముందు సీట్లోంచి సన్నగా వినపడింది. "కాలు తీసినా. ఆడ చూస్తుండా." ఆమె తల ట్రాక్టరు వైపు లేదు. దాని పక్కనున్న ఖాళీ వైపు ఉంది. స్టీరింగును కొంచెం వెనక్కి ఇచ్చింది. చక్రాలు నేలను పట్టుకున్న చిన్న కుదుపు నాకు తెలిసింది. మెల్లగా తిప్పింది. ట్రాక్టరు మా కిటికీ పక్కనుంచి దాటిపోయింది.

కళ్లు మూసుకుని ఉన్న పెంచలయ్య అడిగాడు, "స్వామికి మొక్కుకుంటుండావా?"

"ఆ" అంది శారద.

నెల్లూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నర్సు ఆయన్ను చూస్తూనే మమ్మల్ని కోప్పడింది, కోప్పడుతూనే వీల్‌చైరు తెప్పించింది. ఆయన్ను లోపలికి తీసుకెళ్లి మిషను పెట్టారని తెలిసేదాకా శారద నిలబడే ఉంది. తెలిశాక గోడకు చేరగిలబడి కూర్చుంది. నేను టీ తెచ్చిస్తే సగం చీర మీద ఒలికింది. ఆమె భుజం పట్టుకుని కూర్చున్నాను.

ఆ చప్టా మీద ఆ రోజంతా బండ్లు పోయాయని, ఎవరికీ ఏమీ కాలేదని తరవాత విన్నాం. పెంచలయ్య ఇప్పటికీ అంటాడు, "ఆ దినం ఆ దావన పోయుంటే ముందే చేరుండేవోళ్లం" అని. కావచ్చు. శారద ఆ మాటకు ఎప్పుడూ జవాబు చెప్పదు. నేను చాలాసార్లు ఆలోచించాను. ఆమె చేసింది సరైనదే అనుకుంటాను, కానీ ఆయన ఊపిరి ఆ దారిలోనే ఆగిపోయి ఉంటే అలా అనుకోగలిగేదాన్నా అనేది నాకు తెలియదు. మా పనిలో ఇలాంటివి ఉంటాయి. సరైనదని ఒప్పించేందుకు ఏ సాక్ష్యమూ మిగలదు.

మరుసటి ఏడు వాళ్ల ఊరికి దగ్గర్లోనే డయాలసిస్ చేసే చోటు దొరికింది. హైవే ఎక్కే పని లేదు. శారద క్లబ్బు మానేస్తుందని, నేనూ మానుకోవచ్చని కొంత ఊరట పడ్డాను. ఆ ఆదివారం సెల్వంకు చెప్పి వద్దామని పోతే, ప్యాడ్ మీద ఆమె ఉంది. ఎర్ర కారులో, ఒక్కతే, తోక జారుతుంటే జారనిస్తూ, చుట్టు పూర్తిచేసి నా ముందు ఆపింది. హెల్మెట్ తీస్తే ముఖమంతా చెమట.

"ఇంక నీకేం అవసరం శారదా?" అన్నాను.

చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. ఇంత చిన్న సంగతి నాకు తెలియదా అన్నట్టు చూసింది.

"అవసరమేమీ లేదు మేడం. నాకు ఇష్టం."

ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. అన్నేళ్లలో నా దగ్గరికొచ్చిన ఆడవాళ్లందరినీ నేను ఒకటే అడిగేదాన్ని, ఎందుకు నేర్చుకుంటున్నావని. పిల్లల స్కూలు, మొగుడి జబ్బు, ఉద్యోగం, అత్తగారి ఆసుపత్రి, ఏదో ఒక అవసరం చెప్పేవాళ్లు. దానికి తగ్గట్టు నేర్పి పంపేదాన్ని. శారదకు కూడా అలాగే నేర్పాను. ఆమె భయాన్ని అంత దగ్గరగా, పక్క సీట్లో కూర్చుని చూసి కూడా, దాని పక్కనే ఉన్న ఇష్టాన్ని చూడలేకపోయాను.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లను మొదటిరోజే అడుగుతున్నాను, "బండి నడపడం నీకు ఇష్టమేనా?" అని. చాలామంది తెల్లబోతారు. కొందరు తలుపు వైపు చూస్తారు, బయట నిలబడ్డ భర్తో అన్నో జవాబు చెబుతారేమోనని. నేను తొందరపెట్టను. తాళాలు బల్లమీద పెట్టి, వాళ్లే చెప్పేదాకా కూర్చుంటాను.